తలసీమియా బిడ్డకు మూలుగ మార్పిడి: మొదటి రోజు నుంచి చేయవలసిన పనులు

నేను గుంటూరు మిర్చి యార్డులో ఒక కమిషన్ దుకాణంలో గుమాస్తాను. మా అమ్మాయికి ఏడో నెలలో తలసీమియా మేజర్ అని తేలింది. ఒంట్లో రక్తం సరిగా తయారు కాని, పుట్టుకతో వచ్చే జబ్బు ఇది. ఆరేళ్ల వయసులో వాళ్ల అన్నయ్య మూలుగతో మార్పిడి జరిగింది. ఇప్పుడు బడికి వెళుతోంది, రక్తం ఎక్కించవలసిన అవసరం లేదు. రక్తం ఎక్కించే వార్డులో పక్క మంచం దగ్గర కూర్చునే తల్లిదండ్రులు నన్ను పదే పదే అడిగే విషయాలు ఇక్కడ వరుసగా రాస్తున్నాను. మందులు, మోతాదులు మీ డాక్టరే చెప్పాలి. ఏ పని ఎప్పుడు చేయాలి, ఎవరిని ఏమి అడగాలి అన్నది మాత్రం నేను చెప్పగలను.

అందరూ మొదట అడిగేది ఖర్చు గురించి. నా దృష్టిలో అంతకంటే ముందు అడగవలసిన ప్రశ్న వేరే ఉంది: ఎక్కించిన రక్తం వల్ల బిడ్డ కాలేయంలో, గుండెలో ఇనుము ఎంత పేరుకుంది? మార్పిడి ఫలితం ఆసుపత్రి గదిలో కంటే దానికి ముందు గడిచిన ఏళ్లలో, మన ఇంట్లోనే ఎక్కువగా తేలిపోతుంది. ఇది నేను గట్టిగా నమ్మే మాట.

ముందుగా ఇంట్లో జరిగే మాటల గురించి. మాది మేనరికం. రిపోర్టు వచ్చిన వారంలోనే మా బంధువులు మా ఆవిడ వైపు వేలు చూపించారు. ఇది తల్లి వల్ల వచ్చే జబ్బు కాదు. హిమోగ్లోబిన్‌లో ఒక భాగాన్ని తయారు చేసే బీటా గ్లోబిన్ జన్యువు పదకొండో క్రోమోజోము మీద ఉంటుంది. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండూ లోపమున్నవే వచ్చినప్పుడు మాత్రమే బిడ్డకు మేజర్ వస్తుంది. తల్లిదండ్రులిద్దరూ వాహకులైతే, అంటే ఒక్కొక్కరిలో లోపమున్న జన్యువు ఒకటి ఉంటే, ప్రతి గర్భంలోనూ మేజర్ వచ్చే అవకాశం నూటికి 25. వాళ్లిద్దరూ పైకి ఆరోగ్యంగానే ఉంటారు కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. దీన్ని ఇంటి పెద్దలకు డాక్టరు చేతనే ఒకసారి చెప్పించండి. బిడ్డ కోసం ఏళ్ల తరబడి తిరగవలసిన మనిషిని మొదటి వారంలోనే నిందలతో కుంగదీయడం కంటే పెద్ద నష్టం లేదు.

మరో బిడ్డ కావాలనుకుంటే గర్భం వచ్చిన 11, 12 వారాల్లో మావి నుంచి చిన్న ముక్క తీసి పరీక్ష చేయించే వీలుంది. దానికి మీ ఇద్దరిలో ఉన్న జన్యు లోపం ఏమిటో ముందే తెలిసి ఉండాలి. కాబట్టి ఆ పరీక్ష ఇప్పుడే చేయించి రిపోర్టు దాచిపెట్టండి.

రక్తం, ఇనుము

తలసీమియా పిల్లలకు రెండు నుంచి నాలుగు వారాలకు ఒకసారి రక్తం ఎక్కించాలి. ఎక్కించే ముందు హిమోగ్లోబిన్ తొమ్మిదిన్నరకు తగ్గకుండా చూడటం మంచి పద్ధతి. బిడ్డ బాగా పాలిపోయి ఆడటం మానేసే దాకా ఆగితే కాలేయం, ప్లీహం పెరుగుతాయి, ముఖం ఎముకలు మారతాయి. ప్రభుత్వ నియమాల ప్రకారం తలసీమియా రోగులకు రక్తం ఉచితంగా ఇవ్వాలి, బదులు దాతను తెమ్మని అడగకూడదు. ఇది తెలియక ప్రతిసారీ ఇద్దరు ముగ్గురు స్నేహితులను వెంటబెట్టుకుని వచ్చే నాన్నలను ఇప్పటికీ చూస్తున్నాను. తెల్ల కణాలను వడగట్టిన రక్తం ఇవ్వగలరా అని బ్లడ్ బ్యాంకులో అడగండి.

ఇక్కడ ఒక జాగ్రత్త. బాబాయి రక్తం, మేనమామ రక్తం, ఆఖరికి అమ్మానాన్నల రక్తం కూడా బిడ్డకు ఎక్కించవద్దు. సొంతవాళ్ల రక్తం మంచిదని మనవాళ్లు ముచ్చటపడతారు. కానీ రేపు ఆ కుటుంబం నుంచే మూలుగ దాత రావాలి. వాళ్ల రక్తాన్ని ముందే చూసిన బిడ్డ శరీరం తర్వాత వాళ్ల కణాలను తిప్పికొట్టే ప్రమాదం ఉంది. బంధువులు రక్తం ఇవ్వాలనుకుంటే బ్లడ్ బ్యాంకుకు ఇవ్వమనండి, అది ఇంకొకరి బిడ్డకు వెళ్లాలి.

ఒక్కో ప్యాకెట్ రక్తంలో సుమారు 200 నుంచి 250 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది. మన ఒంట్లోంచి రోజుకు బయటికి పోయేది ఒకటి రెండు మిల్లీగ్రాములే. ఎప్పుడూ జమ పడటమే తప్ప ఖర్చు రాయని పద్దు అది. ఆ నిల్వ కాలేయంలో, గుండెలో, ఎదుగుదలను నడిపే గ్రంథుల్లో చేరుతుంది. అందుకే ఐరన్ తీసే మందు. మన దగ్గర ఎక్కువమంది పిల్లలు వాడేది డెఫెరాసిరాక్స్. నీళ్లలో కరిగే మాత్రను గ్లాసు నీళ్లలో బాగా కలిపి, భోజనానికి అరగంట ముందు, పరగడుపున తాగించాలి. పాలల్లో కలపకూడదు. కిడ్నీ, కాలేయం పరీక్షలు వేళకు చేయించాలి. ఇనుము తీసే ఇంకో మందు డెఫెరిప్రోన్ వాడే పిల్లలకు జ్వరం వస్తే మందు ఆపి, అదే రోజు తెల్ల కణాల లెక్క చూపించాలి. ఆ మందు అరుదుగా తెల్ల కణాలను పూర్తిగా పడగొడుతుంది.

మందు తాగని రోజు బిడ్డకు ఏ బాధా తెలియదు. అందుకే చాలా ఇళ్లలో ఇది మెల్లగా ఆగిపోతుంది. పండగకు ఊరెళ్లినప్పుడు ఒక వారం, మాత్రలు అయిపోయినప్పుడు ఇంకో వారం. మా ఆవిడ వంటింటి గోడకు నెల క్యాలెండర్ తగిలించి, మందు తాగిన రోజున మా అమ్మాయి చేతనే ఎర్ర పెన్సిలుతో గుర్తు పెట్టించేది. ఒంట్లో ఇనుము నిల్వను చెప్పే ఫెరిటిన్ రక్త పరీక్ష మూడు నెలలకొకసారి చేయించండి. అది వెయ్యి లోపు ఉంటే మంచిది. అయితే ఫెరిటిన్ ఒక్కటే చూసి నిశ్చింతగా ఉండవద్దు. గుండెలో, కాలేయంలో ఇనుమును విడిగా కొలిచే టీ2 స్టార్ ఎంఆర్‌ఐ ఉంటుంది. గుండె విలువ 20 మిల్లీసెకన్లకు పైన ఉండాలి. పదికి తగ్గితే అది తీవ్రమైన పరిస్థితి.

ఇంతగా చెప్పడానికి కారణం ఉంది. తలసీమియాకు మొదటి మూలుగ మార్పిడి 1981 డిసెంబరులో అమెరికాలోని సియాటిల్‌లో జరిగింది. చేసిన బృందానికి నాయకుడు డొనాల్ థామస్, 1990లో నోబెల్ బహుమతి అందుకున్నవాడు. ఆ తర్వాత ఇటలీలోని పెసారో పట్టణంలో డాక్టర్ లుకారెల్లి బృందం వందలాది మంది పిల్లలకు మార్పిడి చేసి, ఎవరికి బాగా ఫలిస్తోందో గమనించింది. వాళ్లు చూసినవి మూడే: కాలేయం రెండు సెంటీమీటర్లకు మించి పెరిగిందా, కాలేయంలో మచ్చ కట్టిందా, ఇనుము తీసే మందు క్రమంగా వాడారా. మూడూ అనుకూలంగా ఉన్న పిల్లలకు, అన్నీ సరిపోయిన తోబుట్టువు దాత దొరికితే, పది మందిలో దాదాపు తొమ్మిది మంది జబ్బు నుంచి బయటపడుతున్నారు. మూడూ ప్రతికూలమైతే ప్రమాదం బాగా పెరుగుతుంది. ఆ మూడింటిలోనూ తల్లిదండ్రుల చేతి పని ఉంది.

మ్యాచ్ పరీక్ష

రక్తం గ్రూపు కలిస్తే మూలుగ సరిపోతుందని చాలామంది అనుకుంటారు. రక్తం గ్రూపుకు, ఈ మ్యాచ్‌కు సంబంధం లేదు. చూడవలసింది హెచ్‌ఎల్‌ఏ. మన కణాలేవో, పరాయి కణాలేవో శరీరం గుర్తుపట్టే గుర్తులివి. వీటి జన్యువులు ఆరో క్రోమోజోము మీద ఒక గుత్తిగా ఉంటాయి. తల్లి నుంచి ఒక గుత్తి, తండ్రి నుంచి ఒక గుత్తి వస్తాయి కాబట్టి తోడబుట్టిన ఒక్కొక్కరికీ పూర్తిగా కలిసే అవకాశం నూటికి 25. ఇద్దరు తోబుట్టువులుంటే కనీసం ఒకరు కలిసే అవకాశం నూటికి 44. తలసీమియా మైనర్ ఉన్న, అంటే వాహకులైన అన్న గానీ అక్క గానీ దాత కావచ్చు, అడ్డు లేదు. మా అబ్బాయి మైనరే.

ఈ పరీక్షను రక్తంతోనో, బుగ్గ లోపల దూదిపుల్లతో రుద్దిన నమూనాతోనో చేస్తారు. బెంగళూరులోని సంకల్ప్ ఇండియా ఫౌండేషన్, డీకేఎంఎస్ ఇండియా లాంటి సంస్థలు తలసీమియా కుటుంబాలకు ఉచితంగా ఈ పరీక్షలు చేయిస్తుంటాయి. శిబిరం ఎప్పుడు, ఎక్కడ అని మీకు రక్తం ఎక్కించే చోట అడిగి తెలుసుకోండి. బిడ్డకు ఏడాది నిండాక ఇక ఆలస్యం వద్దు. మార్పిడి ఎప్పుడు చేయించాలో తర్వాత ఆలోచించవచ్చు, దాత ఉన్నాడా లేడా అన్నది మాత్రం చేతిలో ఉండాలి. ఏడేళ్ల లోపు, ఇనుము ముదరక ముందు చేయించినవాళ్లకు ఫలితాలు బాగుంటాయి.

మేనరికం కుటుంబాల్లో ఇంకో దారి ఉంది. తోబుట్టువు కలవకపోతే తల్లిదండ్రులకు, మేనత్త, మేనమామ పిల్లలకు కూడా పరీక్ష చేయించాలా అని డాక్టరును అడగండి. బంధుత్వం రెండు వైపుల నుంచీ ఉన్న ఇళ్లలో ఒక్కోసారి అక్కడ పూర్తి మ్యాచ్ దొరుకుతుంది. బయటి దాతల కోసం చెన్నైలోని దాత్రి, డీకేఎంఎస్ వంటి రిజిస్ట్రీల్లో ఆసుపత్రి ద్వారానే వెతకాలి. అక్కడా లేకపోతే తల్లి గానీ తండ్రి గానీ దాతగా సగం మ్యాచ్‌తో చేసే పద్ధతి ఉంది. అందులో కణాలు నిలవకపోవడం, ఇన్ఫెక్షన్లు, ఖర్చు అన్నీ ఎక్కువ. సగం మ్యాచ్‌తో ఎంతమంది తలసీమియా పిల్లలకు చేశారు, వాళ్లలో ఇప్పుడు రక్తం అవసరం లేకుండా ఉన్నది ఎంతమంది అని ఆసుపత్రిని మొహమాటం లేకుండా అడగండి. రక్త క్యాన్సర్‌కు చేసిన లెక్కలు కాదు, తలసీమియా లెక్కలే అడగాలి.

బొడ్డుతాడు రక్తం దాచుకోమని ప్రసవానికి ముందే వెంటపడే కంపెనీల గురించి కూడా చెప్పాలి. పుట్టుకతో వచ్చిన రక్త జబ్బుకు ఆ బిడ్డ సొంత బొడ్డుతాడు రక్తం పనికిరాదు, ఎందుకంటే అందులోనూ అదే జన్యు లోపం ఉంటుంది. సొంత అవసరం కోసం దాచుకోవడానికి శాస్త్రీయ ఆధారం లేదని భారత వైద్య పరిశోధన మండలి కూడా తన మార్గదర్శకాల్లో చెప్పింది. ఆ డబ్బు ఎంఆర్‌ఐకి ఖర్చు పెట్టండి.

డబ్బు

పూర్తి మ్యాచ్ ఉన్న తోబుట్టువుతో చేసే మార్పిడికి సుమారు పది నుంచి పదిహేను లక్షలు అవుతుంది. సగం మ్యాచ్ అయితే దానికి రెట్టింపు దాకా పోవచ్చు. గది అద్దె, వంట, మళ్లీ చేరవలసి వస్తే అయ్యే ఖర్చు విడిగా లెక్క వేసుకోండి. పొలం బేరం పెట్టే ముందు ఈ తలుపులన్నీ తట్టండి. కోల్ ఇండియా సంస్థ 2017లో మొదలుపెట్టిన తలసీమియా బాల సేవా యోజన కింద పది లక్షల వరకు సాయం అందుతుంది. వయసు, ఆదాయ పరిమితులు ఉన్నాయి. జాబితాలో ఉన్న ఆసుపత్రుల్లోనే వర్తిస్తుంది, డబ్బు నేరుగా ఆసుపత్రికే వెళుతుంది. వేలూరు సీఎంసీ ఆ జాబితాలో ఉంది. దరఖాస్తును ఆసుపత్రి ద్వారానే పంపాలి కాబట్టి మొదటి ఓపీ రోజునే అక్కడి సోషల్ వర్కరును కలవండి.

ఎన్టీఆర్ వైద్య సేవ కింద మీ బిడ్డకు ఏమేమి వర్తిస్తాయో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడగండి. ముఖ్యమంత్రి సహాయ నిధి నుంచి చికిత్సకు ముందే, ఆసుపత్రికి డబ్బు ఇస్తామనే హామీ పత్రమైన ఎల్‌ఓసీ కోరవచ్చు. దానికి ఆసుపత్రి ఇచ్చిన ఖర్చు అంచనా అసలు కాగితం, రేషన్ కార్డు, ఆధార్ పట్టుకుని ఎమ్మెల్యే కార్యాలయానికి వెళ్లాలి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో తలసీమియా ఉంది కాబట్టి సదరం శిబిరంలో సర్టిఫికెట్ తీసుకోవడం, సచివాలయంలో పింఛను గురించి అడగడం మరవవద్దు. అన్ని కాగితాలూ మూడేసి జెరాక్సులు ముందే తీయించి పెట్టుకోండి.

దాత కూడా బిడ్డే

మా అబ్బాయికి అప్పుడు పదేళ్లు. ఈ విషయం మీద నేను ఎక్కువ రాస్తాను, ఎందుకంటే దీని గురించి ఎవరూ మాట్లాడరు.

చిన్న దాతకు జరిగేది ఇది. మత్తు ఇచ్చి, నడుము కింద వెనక వైపు తుంటి ఎముకలోంచి సూదులతో మూలుగ తీస్తారు. కోత ఉండదు. దాత బరువులో కిలోకు 20 మిల్లీలీటర్లకు మించి తీయరు. కొన్ని రోజులు నడుము నొప్పి ఉంటుంది, ఐరన్ మాత్రలు ఇస్తారు. తీసిన మూలుగ కొన్ని వారాల్లో మళ్లీ తయారవుతుంది. వెన్నుపాములోంచి తీస్తారని, పిల్లవాడు జీవితాంతం బలహీనుడవుతాడని మా చుట్టాలు బెదిరించారు. రెండూ నిజం కావు. పెద్ద దాతల నుంచి చేతి నరం ద్వారా కణాలు తీసే పద్ధతి కూడా ఉంది. కానీ తలసీమియాకు చాలామంది డాక్టర్లు మూలుగకే మొగ్గు చూపుతారు, ఎందుకంటే దాత కణాలు బిడ్డ శరీరం మీద దాడి చేసే దీర్ఘకాల సమస్య దానివల్ల తక్కువ.

పిల్లవాడికి అబద్ధం చెప్పి తీసుకువెళ్లవద్దు. మేము డాక్టరును అడిగి, మేమిద్దరం బయట కూర్చుని, వాడిని ఒక్కడినే లోపల మాట్లాడనిచ్చాం. వాడు అడిగిన ప్రశ్న ఒకటే: "నాది పని చేయకపోతే చెల్లి చనిపోతే అది నా తప్పా?" డాక్టరమ్మ కుర్చీ దగ్గరకు జరుపుకుని, కాదని, నువ్వు ఇవ్వడంతోనే నీ పని పూర్తయిందని, ఆ తర్వాతది తమ బాధ్యత అని చెప్పారట. ఆ మాట మీరూ మీ పిల్లవాడికి మార్పిడికి ముందే చెప్పండి. చెల్లిని బతికించావని పదిమందిలో పొగడటం కూడా తగ్గించండి. పొగడ్త ఎంత పెద్దదైతే, ఏదైనా చెడు జరిగినప్పుడు వాడి మీద పడే బరువూ అంత పెద్దది. ఆసుపత్రిలో ఒకరు చెల్లితో ఉంటే, రెండో వాళ్లు పూర్తిగా దాత బిడ్డ కోసమే ఉండేలా చూసుకోండి. బడి పోయిన రోజుల గురించి ప్రధానోపాధ్యాయులకు ముందే ఉత్తరం ఇవ్వండి.

వెళ్లే ముందు, గదిలో

వేలూరు వెళ్లేవాళ్లు కాట్పాడిలో దిగాలి. శేషాద్రి ఎక్స్‌ప్రెస్ విజయవాడ, తెనాలి మీదుగా వెళుతుంది. గుంటూరు వాళ్లకు తెనాలిలో ఎక్కడమే సుఖం. మార్పిడి తర్వాత కూడా సుమారు వందో రోజు దాకా ఆసుపత్రికి దగ్గర్లోనే ఉండాలి కాబట్టి వంటగది ఉన్న గది, పైకప్పు కారనిది, పక్కన ఇల్లు కట్టే పని లేనిది చూసుకోండి. కూల్చే గోడల దుమ్ములో ఉండే బూజు ఈ పిల్లల ఊపిరితిత్తులకు ప్రమాదం. బయలుదేరే ముందే పళ్ల డాక్టరుకు చూపించి, పుచ్చు పళ్లు బాగు చేయించండి. పాత మూలుగను ఖాళీ చేయడానికి ఇచ్చే బుసల్ఫాన్ వంటి మందులు సంతానశక్తిని దెబ్బతీయవచ్చు. అండాశయం ముక్కను, పెద్ద అబ్బాయిలైతే వీర్యాన్ని భద్రపరిచే వీలుందా అని మందులు మొదలవక ముందే అడగాలి. ఆరేళ్ల పిల్ల విషయంలో ఈ మాట అడగడానికి నోరు రాదు. అయినా అడగండి.

ఆసుపత్రి గదిలో మొదటి వారం పైగా బలమైన మందులతో పాత మూలుగను ఖాళీ చేస్తారు. తర్వాత దాత మూలుగను రక్తం ఎక్కించినట్టే మెడ దగ్గరి గొట్టంలోంచి ఎక్కిస్తారు. అక్కడి నుంచి న్యూట్రోఫిల్స్ అనే తెల్ల కణాలు వరసగా మూడు రోజులు 500 దాటే దాకా ఎదురుచూపు. సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. నోరంతా పుండ్లు పడి మంచినీళ్లు కూడా దిగవు. జుట్టు రాలుతుంది. ముందే గుండు చేయించి, బొమ్మకు కూడా గుండు చేశామని చెబితే మా అమ్మాయి నవ్వింది. తోడుగా ఒక్కరే ఉండాలి, దగ్గు జలుబు లేనివాళ్లే ఉండాలి.

ఇంటికి వచ్చాక

గుంటూరు ఇంట్లో కష్టమైన నియమం ఆవకాయ, గోంగూర, పచ్చళ్లు పక్కన పెట్టడం. ఊరగాయలు, బయటి పెరుగు, పచ్చి కొత్తిమీర చల్లిన కూర, బండి మీది పునుగులు ఏవీ వద్దు. కుక్కరులో అప్పటికప్పుడు వండి, వేడిగా పెట్టాలి. నీళ్లు కాచి చల్లార్చాలి. వినాయక చవితికి బంధువులు తెచ్చే పంపర పనస ముట్టుకోనివ్వకండి. దాత కణాల దాడిని అణచే సైక్లోస్పోరిన్ వాడే పిల్లల రక్తంలో ఆ మందు మోతాదును అది పెంచేస్తుంది. సైక్లోస్పోరిన్‌ను రోజూ ఒకే వేళకు ఇవ్వాలి. రక్తంలో దాని స్థాయి చూసే రోజున మాత్రం రక్తం ఇచ్చాకే ఉదయం మోతాదు వేయాలి.

ఎండు మిరపలో బూజు ఉంటుంది. యార్డు దుమ్ముతో ఇంటికి వచ్చే నేను వెనక గుమ్మం దగ్గరే స్నానం చేసి, బట్టలు మార్చుకున్నాకే లోపలికి వెళ్లేవాణ్ణి. పత్తి, మిర్చి, బియ్యం మిల్లు పనులు చేసే నాన్నలందరూ ఇలాగే చేయాలి.

జ్వరం 100.4 ఫారెన్‌హీట్ తాకితే పారాసెటమాల్ వేసి తెల్లవారే దాకా చూడవద్దు, గంటలో ఆసుపత్రిలో ఉండాలి. ఒంటి మీద దద్దురు, అరచేతుల ఎరుపు, ఆగని విరేచనాలు, కళ్లు పచ్చబడటం దాత కణాల దాడికి గుర్తులు కావచ్చు. వీధిలో ఎవరికైనా ఆటలమ్మ పోసిందని తెలిస్తే అదే రోజు మార్పిడి డాక్టరుకు ఫోను చేయండి. వేపాకు కట్టినా ఫరవాలేదు, ఫోను చేయడం మానవద్దు. ఇంట్లో ఐదేళ్ల లోపు పిల్లలుంటే పోలియో చుక్కల ముందు కూడా డాక్టరును అడగాలి. ఈ బిడ్డకు టీకాలన్నీ కొత్తగా వేయాలి. తట్టు టీకా లాంటి బతికిన క్రిములున్నవి రెండేళ్ల తర్వాతే.

రక్తం ఎక్కించవలసి వస్తే రేడియేషన్ ఇచ్చిన రక్తమే వాడాలి. అది విజయవాడలో గానీ గుంటూరులో గానీ ఏ బ్లడ్ బ్యాంకులో దొరుకుతుందో ఆరోగ్యంగా ఉన్న రోజునే కనుక్కుని, ఫోను నంబరు రాసి పెట్టుకోండి. దాత గ్రూపు వేరైతే కొన్ని నెలల్లో బిడ్డ రక్తం గ్రూపు దాత గ్రూపుకు మారుతుంది. బడి గుర్తింపు కార్డు మీద మార్పించండి.

కణాలు నిలిచాక కూడా పాత ఇనుము అలాగే ఉంటుంది. దాన్ని తీయడానికి రెండు వారాలకొకసారి కొంచెం రక్తం తీసే పద్ధతి ఉంది. ఇన్నేళ్లు రక్తం కోసం తిరిగి ఇప్పుడు తీయించడమా అని మా అత్తగారు కన్నీళ్లు పెట్టుకున్నారు. కొత్త మూలుగ బాగా పని చేస్తోంది కాబట్టే తీయగలుగుతున్నారని ఆవిడకు నచ్చచెప్పాం.

ఫైల్లో మొదటి పేజీలోనే ఒక విషయం పెద్ద అక్షరాలతో రాసి పెట్టండి. మార్పిడి మారుస్తుంది రక్తాన్నే. మా అమ్మాయి అండాల్లో ఉన్న జన్యువులు పుట్టినప్పటివే. ఆమెకు పుట్టే ప్రతి బిడ్డకూ ఒక తలసీమియా జన్యువు తప్పకుండా వెళుతుంది. కాబట్టి పెళ్లికి ముందు అబ్బాయికి హెచ్‌బీఏ2 పరీక్ష చేయించాలి, అందులో చూసే హిమోగ్లోబిన్ రకం 3.5 శాతానికి మించితే అతడు వాహకుడు కావచ్చు. ఆమె రక్తంతో ఇదే పరీక్ష చేస్తే వచ్చేది వాళ్ల అన్నయ్య ఫలితం. ఆ కాగితం చూసి ఎవరూ ఆమె మైనర్ మాత్రమే అనుకోకూడదు.